గోల్ఫ్ కార్ట్ బ్యాటరీలు ఆరూ మార్చాలి: లెడ్ యాసిడా, లిథియమా?

ప్రశ్న – నాలుగు సీట్లు

అందరికీ నమస్కారం. మా వృద్ధాశ్రమంలో పెద్దవాళ్ళను గేటు నుంచి గదులకు, గదుల నుంచి భోజనశాలకు, వైద్యుడి దగ్గరకు తిప్పడానికి ఒక ఎలక్ట్రిక్ గోల్ఫ్ కార్ట్ ఉంది. 48 వోల్టుల బండి. సీటు కింద 8 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఆరు ఉన్నాయి, నీళ్ళు పోసే రకం. వాటి వయసు ఆరేళ్ళు. బండి బాగోగులు చూసే బాధ్యత నాది.

ఇదివరకు పొద్దున చార్జింగ్ తీస్తే సాయంత్రం దాకా నిశ్చింతగా తిరిగేది. ఇప్పుడు మధ్యాహ్న భోజనాల వేళకే నీరసించిపోతోంది. గేటు నుంచి పై భవనానికి వెళ్ళే దారి ఎత్తుగా ఉంటుంది. నలుగురు కూర్చుంటే, పక్కన నడిచే మనిషి బండిని దాటిపోయేంత నెమ్మదిగా ఎక్కుతోంది. మొన్న మోకాళ్ళ నొప్పులున్న ఒక పెద్దావిడ, "నేను దిగి నడుస్తాలే నాయనా, బండికి బరువు తగ్గుతుంది" అన్నారు. ఆమె చేత ఆ మాట అనిపించినందుకు నాకు చాలా బాధ కలిగింది. ఈ పని ఇక వాయిదా వేయకూడదనుకున్నాను.

రాత్రంతా చార్జ్ చేసి, చార్జర్ తీసి, కొన్ని గంటలు ఆగి మీటరు పెడితే ఆరింటికీ కలిపి 50 వోల్టులు చూపిస్తోంది. 48 వోల్టుల బండికి 50 ఉంటే బాగున్నట్టే కదా అనిపిస్తుంది. కానీ ఎత్తు ఎక్కేటప్పుడు 42కి పడిపోతోంది.

అడిగిన చోటల్లా ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. బలహీనమైన రెండింటిని మారిస్తే చాలని ఒకరు అన్నారు. ఇప్పుడున్నలాంటివే ఆరు కొత్తవి వేయమని ఇంకొకరు, 12 వోల్టులవి నాలుగు పెడితే కేబుళ్ళ గొడవ తగ్గుతుందని మరొకరు చెప్పారు. లిథియం 105 ఆంపియర్-అవర్ (బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే లెక్క) ఒక్కటి పెట్టి అన్నీ మరచిపొమ్మని ఒక దుకాణంవారు చెప్పారు. కారు బ్యాటరీలు నాలుగు కలిపేయమన్నవారూ ఉన్నారు. ఇప్పుడున్నవి 170 ఆంపియర్-అవర్ అయితే 105 ఎలా సరిపోతుందో నాకు అర్థం కావడం లేదు.

చార్జర్ బండితో పాటు వచ్చినదే. బరువైన ట్రాన్స్‌ఫార్మర్ రకం, గట్టిగా మూలుగుతుంది. తెలిసినవారు దారి చూపగలరు.

జవాబు – హైడ్రోమీటర్

నేను బ్యాటరీ బండ్ల మరమ్మతు పనిలోనే ఉన్నాను. ఏది కొనాలన్న మాట కాసేపు పక్కన పెట్టండి. ఉన్నవాటిలో చచ్చింది ఏది, ఎందుకు చచ్చింది అన్నది ముందు తేలాలి. అది తేలకుండా కొత్తవి పెడితే పాత జబ్బు కొత్త బ్యాటరీలకూ అంటుకుంటుంది.

ముందు ఆ 50 వోల్టుల సంగతి చూద్దాం. లెడ్ యాసిడ్‌లో ఒక్కో సెల్లు పూర్తిగా నిండి, విశ్రాంతిలో ఉన్నప్పుడు సుమారు 2.12 వోల్టులు ఇస్తుంది. 8 వోల్టుల బ్యాటరీలో నాలుగు సెల్లులు కాబట్టి దాదాపు 8.5. ఆరింటికీ కలిపి 51కి కాస్త తక్కువ. సగం ఖాళీ అయితే 48.4 దగ్గర ఉంటుంది. అంటే నిండుకీ సగానికీ మధ్య తేడా రెండున్నర వోల్టులే. రాత్రంతా చార్జ్ చేసినా 50 దగ్గరే ఆగిపోతున్నాయంటే అవి పూర్తిగా నిండడం లేదని అర్థం. 48 అన్నది బండి పేరు మాత్రమే, దాన్ని నిండుకు కొలతగా తీసుకోకండి.

మొత్తం వోల్టేజీ చూసి ఏదీ తేల్చలేం. ఆరింటినీ విడివిడిగా కొలవండి, విశ్రాంతిలో ఒకసారి, ఎత్తు ఎక్కేటప్పుడు ఒకసారి. రెండోదానికి మీటరు తీగలను ఒక బ్యాటరీకి క్లిప్పులతో బిగించి, సీటు మూసి, మీరు పక్కన కూర్చొని మీటరు చూడండి. బండి వేరొకరు నడపాలి. ఒక్కో బ్యాటరీకి ఒక్కోసారి ఎక్కాలి, కాబట్టి ప్రయాణికులు లేని వేళ చేయండి. తీగలు బిగించేటప్పుడు చేతికి ఉంగరం, గడియారం, కడియం ఉండకూడదు. ఈ బ్యాటరీల మీద లోహం అడ్డంగా పడితే అది క్షణంలో ఎర్రగా కాలుతుంది.

తర్వాత హైడ్రోమీటర్‌తో ప్రతి సెల్లులోని యాసిడ్ సాంద్రత చూడండి. నిండిన సెల్లులో 1.265 నుంచి 1.280 మధ్య ఉండాలి. నీళ్ళు పోసిన వెంటనే చూడకండి, పోసిన నీరు పైనే తేలుతూ తప్పుడు లెక్క చూపిస్తుంది. ఒకే బ్యాటరీలోని సెల్లుల మధ్య 0.050 తేడా కనిపిస్తే ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే లెక్క.

ఇంకో రెండు విషయాలు. బండి ఎత్తు ఎక్కి రాగానే కేబుళ్ళ చివర్లను తాకకుండా, చెయ్యి దగ్గరగా పెట్టి పసిగట్టండి, వేడి ఎక్కడైనా ఎక్కువగా తగులుతోందా అని. ఆకుపచ్చగా, తెల్లగా పొడి పట్టిన టెర్మినల్ ఒక్కటి చాలు, మంచి బ్యాటరీని కూడా చెడ్డదానిలా చూపించడానికి. అలాగే హెడ్‌లైట్లు, హారన్‌కు కరెంటు ఎక్కడి నుంచి తీశారో చూసి చెప్పండి.

కారు బ్యాటరీల మాట ఎవరన్నా ఇక వినకండి. వాటిలో పలుచని ప్లేట్లు చాలా ఉంటాయి. ఇంజను తిప్పడానికి కొన్ని సెకన్లు పెద్ద కరెంటు ఇచ్చి, వెంటనే మళ్ళీ నిండడానికే వాటిని తయారు చేస్తారు. రోజూ సగం దాకా ఖాళీ చేస్తే కొద్ది నెలలకే ప్లేట్ల మీది పదార్థం రాలి అడుగుకు చేరుతుంది. మీ బండికి కావలసింది మందపాటి ప్లేట్లున్న డీప్ సైకిల్ రకం.

ప్రశ్న అడిగినవారు – నాలుగు సీట్లు

చెప్పినట్టే కొలిచాను. విశ్రాంతిలో మొదటి నాలుగూ 8.36, 8.38 మధ్య ఉన్నాయి. ఐదోది 8.22. ఆరోది 8.32. ఎత్తు మీద మొదటి నాలుగూ 7.4 దగ్గర నిలిచాయి. ఆరోది 7.2. ఐదోది మాత్రం ఏకంగా 5.2కి పడిపోయింది.

యాసిడ్ సాంద్రత మొదటి నాలుగింటిలో ఏ సెల్లు చూసినా 1.245 చుట్టుపక్కలే ఉంది. ఐదో దానిలో మూడు సెల్లులు 1.230 దగ్గర ఉంటే, వరుసలో మూడోదైన సెల్లు మాత్రం 1.150. హైడ్రోమీటరులోని తేలే గొట్టం ఆ సెల్లులో దాదాపు అడుగుకు మునిగిపోయింది, చూడగానే తెలిసిపోయింది.

లైట్ల తీగ వెతికితే ఐదు, ఆరు బ్యాటరీలకే వెళ్ళింది. ఆ రెండింటి నుంచి 16 వోల్టులు తీసి, చిన్న డబ్బాతో 12కి తగ్గించి లైట్లకు, హారన్‌కు, ఒక ఫ్యానుకు ఇచ్చారు. మీరు ముందే ఊహించి అడిగినట్టున్నారు.

జవాబు – హైడ్రోమీటర్

అవును, ఊహించే అడిగాను. ఇలాంటి బండ్లలో ఈ తీగ చాలాసార్లు కనిపిస్తుంది.

ఆరు బ్యాటరీలూ వరుసగా కలిసి ఉంటాయి, చార్జరు ఆరింటికీ ఒకే కరెంటు పంపుతుంది. లైట్లు, ఫ్యాను మాత్రం రెండింటి నుంచే తాగుతాయి. రోజూ ఆ రెండూ కాస్త ఎక్కువ ఖాళీ అవుతాయి, కాస్త తక్కువగా నిండుతాయి. ఆ లోటు పేరుకుంటూ పోతే ప్లేట్ల మీద సల్ఫేట్ గడ్డకడుతుంది, మళ్ళీ కరగదు. మీ ఐదో బ్యాటరీ అలాగే పోయింది. ఆరోది అదే దారిలో ఉంది.

ఆ రెండింటినే మార్చవచ్చా? వయసులో చిన్న సెట్టు అయితే మార్చమనేవాణ్ణి. ఆరేళ్ళ సెట్టులో వద్దు. మిగిలిన నాలుగూ పూర్తి చార్జ్ తర్వాత కూడా 1.245 దాటడం లేదు, అంటే వాటి శక్తి కూడా కొంత తరిగింది. ఒకే కాడికి కోడెనూ ముసలి ఎద్దునూ కట్టినట్టు అవుతుంది. పాతవి ముందే ఖాళీ అవుతాయి, కొత్తవి వాటిని లాగుతాయి. చార్జింగ్‌లో కొత్తవి త్వరగా నిండిపోతే, పాతవాటి కోసం చార్జరు ఇంకా తోస్తూనే ఉంటుంది. కొత్తవి ఉడికిపోతాయి. ఏడాది తిరిగేసరికి కొత్తవీ పాతవాటి వయసుకు చేరతాయి. ఆరూ మార్చండి.

ఇక మీ అసలు ప్రశ్న, 170కి బదులు 105 ఎలా సరిపోతుందని. బ్యాటరీ మీద రాసే ఆంపియర్-అవర్ సంఖ్య సాధారణంగా 20 గంటల లెక్క. అంటే 170 అని రాసిన బ్యాటరీ నుంచి ఎనిమిదిన్నర ఆంపియర్ల చొప్పున తీస్తే 20 గంటలు వస్తుంది. మీ బండి అంత నెమ్మదిగా తాగదు. చదును నేల మీదే యాభై, డెబ్భై ఆంపియర్లు లాగుతుంది, ఎత్తు మీద రెండు వందలు దాటుతుంది. లెడ్ యాసిడ్‌ను ఎంత వేగంగా పిండితే అది మొత్తంగా అంత తక్కువ ఇస్తుంది. అందుకే గోల్ఫ్ బ్యాటరీ తయారీదారులు ఇంకో సంఖ్య కూడా ఇస్తారు, 75 ఆంపియర్ల దగ్గర ఎన్ని నిమిషాలు నిలుస్తుందని. ఉదాహరణకు 6 వోల్టుల, 225 ఆంపియర్-అవర్ తరగతి బ్యాటరీ ఆ కరెంటు దగ్గర సుమారు 115 నిమిషాలు వస్తుంది. లెక్క వేస్తే అది 144 ఆంపియర్-అవర్లే. అదే నిష్పత్తిలో మీ 170 దాదాపు 110 అవుతుంది. పైగా లెడ్ యాసిడ్‌ను రోజూ సగానికి మించి ఖాళీ చేయకూడదు. అంటే మీరు నిశ్చింతగా వాడుకోగలిగేది 55 చుట్టుపక్కల.

లిథియంలో, అంటే ఈ బండ్లకు వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌లో, వేగంగా పిండినా నష్టం చాలా తక్కువ. 105ను 75తో భాగిస్తే 84 నిమిషాలు, దాదాపు అంతా వస్తుంది. రోజూ 80 శాతం దాకా వాడినా అది తట్టుకుంటుంది. కాబట్టి 84 ఆంపియర్-అవర్లు మీ చేతిలో ఉంటాయి. రాసిన సంఖ్యల్లో చిన్నది, వాడుకలో పెద్దది.

బ్యాటరీ కొనేవాళ్ళకు నేను గట్టిగా చెప్పే మాట ఇదే: డబ్బా మీది ఆంపియర్-అవర్‌ను పక్కనపెట్టి, మీ బండి లాగే కరెంటు దగ్గర అది ఎంతసేపు నిలుస్తుందో అడగండి. ఆ నిమిషాల లెక్క చెప్పలేని దుకాణంలో కొనకండి.

12 వోల్టులవి నాలుగు పెట్టడం గురించి. పని చేస్తాయి, కేబుళ్ళు తగ్గుతాయి, కానీ మొత్తం సీసం తగ్గుతుంది. ఈ తరగతిలో 12 వోల్టులవి 150 ఆంపియర్-అవర్ దగ్గర ఉంటాయి. చదునుగా ఉండే చోటికి పరవాలేదు. ఎత్తు ఉన్న చోట, నలుగురు ఎక్కే బండికి నేను పెట్టను.

మీకు నిజంగా రోజుకు ఎంత కావాలో తెలుసుకోవడానికి సులువైన దారి ఉంది. గోడకు పెట్టే చిన్న ప్లగ్ ఎనర్జీ మీటరు దొరుకుతుంది. చార్జర్‌ను దాని ద్వారా కలపండి. మామూలుగా తిరిగిన రోజు సాయంత్రం చార్జింగ్ పెట్టి, మొత్తం ఎన్ని యూనిట్లు పట్టిందో చూడండి. మీ మీటరు, మీ చార్జరు లాగగలిగేంత కరెంటుకు తగినదై ఉండాలి.

జవాబు – తోటబండి

మేము పెద్ద నర్సరీలో మొక్కలు, మట్టి, ఎరువు మోయడానికి ఇలాంటి బండి వాడతాం, లిథియం మీదే నడుస్తోంది. దుకాణంవారు చెప్పని సంగతులు చెబుతాను.

లిథియం బ్యాటరీ లోపల బీఎంఎస్ అనే కాపలా బోర్డు ఉంటుంది. సెల్లు వోల్టేజీ, వేడి, కరెంటు హద్దు దాటితే అది క్షణంలో సరఫరా తెంచేస్తుంది. లెడ్ యాసిడ్ అయితే బరువు ఎక్కువైనప్పుడు నీరసిస్తుంది, కానీ లాగుతూనే ఉంటుంది. లిథియం అలా కాదు. బీఎంఎస్ హద్దు తక్కువగా ఉంటే నిండు బ్యాటరీతో ఉన్న బండి కూడా ఎత్తు మధ్యలో ఒక్కసారిగా చచ్చిపోతుంది. మా దగ్గర మొదట అమర్చిన బ్యాటరీతో సరిగ్గా ఇదే జరిగింది. అమ్మినవారు నిరంతర కరెంటు 100 ఆంపియర్లని చెప్పారు, కానీ బండి కంట్రోలరు (మోటారుకు వెళ్ళే కరెంటును అదుపు చేసే పెట్టె) ఎత్తు మీద దానికి మూడింతలు లాగుతుందన్న ఊసే ఎత్తలేదు. మొక్కల కుండీలు కాబట్టి సరిపోయింది. మీ బండిలో కూర్చునేది ముసలివాళ్ళు.

అందుకని మీ బండి కంట్రోలరు మీది చీటీ చూడండి, గరిష్ఠ ఆంపియర్లు రాసి ఉంటాయి. బీఎంఎస్ ఆ గరిష్ఠాన్ని ఎన్ని సెకన్లు ఇవ్వగలదో, నిరంతరం ఎంత ఇవ్వగలదో కాగితం మీద రాయించుకోండి. మీ ఎత్తు ఎక్కడానికి పట్టే సమయం ఆ సెకన్ల కంటే ఎక్కువైతే నిరంతర సంఖ్యే మీకు ముఖ్యం. క్లాంపు మీటరుతో, డీసీ కొలవగలిగే దానితో, మెయిన్ కేబుల్ చుట్టూ పెట్టి ఒకసారి ఎక్కితే అసలు లెక్క తెలిసిపోతుంది.

రెండోది చార్జరు. మీ మూలిగే ట్రాన్స్‌ఫార్మర్ చార్జరును లిథియంకు కలపకండి. 48 వోల్టుల బండికి వేసే లిథియంలో 16 సెల్లులు ఉంటాయి, నామమాత్రపు వోల్టేజీ 51.2. ఒక్కో సెల్లు 3.65 దగ్గర నిండుతుంది, మొత్తం 58.4. లెడ్ యాసిడ్ చార్జర్లు 59 దాటి వెళ్తాయి, పాత రకాలు చివర్లో 60 కూడా దాటిస్తాయి. ప్రతిసారీ బీఎంఎస్ తెంచి కాపాడుతుందని ధీమాగా ఉండకూడదు, అది ఆఖరి కాపలా మాత్రమే. కొన్ని బండ్లలో చార్జింగ్‌ను నియంత్రించే చిన్న కంప్యూటర్ బండి లోపలే ఉంటుంది, లిథియం పెట్టినప్పుడు దాన్ని తప్పించి వైరింగ్ చేయాలి. ఇది మీ బండిలో ఉందేమో కనుక్కోండి. చార్జరు వేరు, బ్యాటరీ వేరు అని ఆలోచించకుండా రెండూ కలిపి ఒకే వస్తువుగా కొనండి.

మూడోది దిగేటప్పుడు. మీ బండిలో మోటారే బ్రేకులా పనిచేసి కరెంటును వెనక్కి పంపే రకం అయితే, నిండు చార్జ్‌తో పైనుంచి బయలుదేరినప్పుడు ఆ కరెంటు పోవడానికి చోటుండదు. బీఎంఎస్ వద్దంటే మోటారు బ్రేకు పట్టు తగ్గుతుంది. చార్జింగ్ స్థలం పై భవనం దగ్గర ఉంటే ఈ విషయం తప్పకుండా అడగండి. చార్జింగ్‌ను కాస్త తక్కువ దగ్గర ఆపే వీలున్న చార్జరు తీసుకుంటే ఇబ్బంది చాలావరకు పోతుంది.

ఇక డ్యాష్‌బోర్డు మీది బ్యాటరీ ముల్లు. అది వోల్టేజీ చూసి చెబుతుంది. లిథియం వోల్టేజీ చివరి దాకా దాదాపు ఒకేలా ఉంటుంది, పావు వంతు మిగిలినప్పుడు కూడా 52 దగ్గరే కనిపిస్తుంది. ఆ ముల్లును నమ్మితే దారిలో ఆగిపోతారు. వెళ్ళిన కరెంటును, వచ్చిన కరెంటును లెక్కపెట్టే మీటరు బ్యాటరీతో పాటు తీసుకోండి.

బాగుండే సంగతి కూడా చెప్పాలి కదా. మీ ఆరు బ్యాటరీలూ కలిపి సుమారు 170 కిలోలు ఉంటాయి. లిథియం అందులో మూడో వంతు కూడా ఉండదు. బండి ఎత్తు ఎక్కడంలోనే ఆ తేడా తెలుస్తుంది. ఖాళీ అయిన చోట బ్యాటరీ కదలకుండా పట్టీలతో గట్టిగా బిగించాలి.

జవాబు – వీల్‌చైర్

పైవారిద్దరూ ఏజీఎం ఊసు ఎత్తలేదు, అంటే యాసిడ్‌ను గాజు పీచు పొరల్లో ఇంకించి మూసేసిన లెడ్ యాసిడ్ రకం. మా ఆసుపత్రి బండిలో అవే ఉన్నాయి. నీళ్ళు పోయనక్కరలేదు, యాసిడ్ ఒలకదు, రోగుల బట్టలకు అంటుకుంటుందన్న భయం లేదు. కంట్రోలరు, వైరింగ్ ఏమీ మార్చలేదు, బీఎంఎస్ తెంచుతుందన్న దిగులూ లేదు. చార్జరులో ఏజీఎంకు వేరే అమరిక ఉండాలి, అంతే. నీళ్ళ బ్యాటరీలకు చేసే ఈక్వలైజింగ్ చార్జ్ (సెల్లులన్నీ సమానంగా నిండేలా కావాలని ఎక్కువగా ఇచ్చే చార్జ్) వీటికి చేయకూడదు. లోపలి తేమ ఆవిరైతే మళ్ళీ పోసే దారి లేదు.

వృద్ధాశ్రమానికి ఇదే నెమ్మదైన దారి అని నా అభిప్రాయం.

జవాబు – హైడ్రోమీటర్

ఏజీఎం మంచిదే, కాదనను. కానీ అది కూడా సీసమే. సగానికి మించి ఖాళీ చేయకూడదన్న నియమం దానికీ ఉంది, బరువూ అంతే. నీళ్ళ రకం కంటే వేడిని, తప్పుడు చార్జింగ్‌ను తక్కువగా ఓర్చుకుంటుంది. ఈ బండికి ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ చార్జరులో అమరిక మార్చే వీలు ఉండదు, కాబట్టి చార్జరు ఎలాగూ మార్చాల్సిందే. చార్జరు మార్చేవాళ్ళు లిథియం వైపు ఒకసారి చూడడం మంచిది.

తోటబండి గారు చెప్పిన బీఎంఎస్ సంగతి అక్షరాలా నిజం. నేను దానికి ఒక్కటే కలుపుతాను. కీ తిప్పగానే, లేదా పెడల్ తొక్కగానే, సాలినాయిడ్ (బ్యాటరీని కంట్రోలరుకు కలిపే పెద్ద స్విచ్) టక్కుమని అతుక్కుంటుంది కదా, ఆ క్షణంలో కంట్రోలరు లోపలి కెపాసిటర్లు ఖాళీగా ఉంటే పెద్ద కరెంటును ఒక్కసారిగా మింగుతాయి. కొన్ని బీఎంఎస్‌లు దాన్ని షార్ట్ అనుకొని తెంచేస్తాయి. సాలినాయిడ్ కొనల మధ్య చిన్న రెసిస్టర్ ఒకటి ఉండాలి, అది కెపాసిటర్లను ముందే నెమ్మదిగా నింపుతుంది. చాలా బండ్లలో ఉంటుంది. లేకపోతే పెట్టించండి.

ప్రశ్న అడిగినవారు – నాలుగు సీట్లు

ప్లగ్ మీటరు పెట్టి చూశాను. మామూలు రోజు తిరుగుడుకు 3.4 యూనిట్లు పట్టింది. క్లాంపు మీటరు ఒక ఎలక్ట్రీషియన్ దగ్గర తెచ్చాను. చదును మీద 60 నుంచి 70 ఆంపియర్లు. ఎత్తు మీద నలుగురితో 180 దగ్గర నిలిచింది, బయలుదేరే క్షణంలో 260 దాకా ఎగిరింది. కంట్రోలరు చీటీ మీద 350 అని ఉంది. కిందికి దిగేటప్పుడు క్లాంపులో అంకె ముందు మైనస్ గుర్తు వస్తోంది, అంటే కరెంటు వెనక్కి వస్తున్నట్టే కదా? చార్జింగ్ స్థలం గేటు దగ్గర, కిందనే ఉంది.

ఇంకో మాట. బ్యాటరీలకు నీళ్ళు పోసేది మా డ్రైవరు. మనిషి మంచివాడు, కానీ పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా పెద్దవాళ్ళ పనులతోనే సరిపోతుంది. సెల్లులు తెరిచి చూస్తే రెండు చోట్ల ప్లేట్ల అంచులు నీటి పైకి తేలి కనిపించాయి. ఇది అతని మీద మోపలేను.

జవాబు – హైడ్రోమీటర్

ఇప్పుడు లెక్క తేలింది. గోడ నుంచి వచ్చిన 3.4 యూనిట్లలో చార్జరులో కొంత, సీసం బ్యాటరీలో కొంత వేడిగా పోతుంది. 70 శాతం మోటారుకు చేరిందనుకుంటే 2.4 యూనిట్లు, అంటే 2400 వాట్-అవర్లు. మీ పాత బ్యాటరీలు అంత శాతం కూడా చేర్చలేవు, కాబట్టి అసలు ఖర్చు ఇంకా తక్కువే. 2400 వాట్-అవర్లను 51.2తో భాగిస్తే సుమారు 47 ఆంపియర్-అవర్లు.

కొత్త లెడ్ యాసిడ్ సెట్టులో మీ చేతిలో ఉండేది 55 అని చెప్పాను. సరిపోతుంది, కానీ అంచు మీద. రెండు మూడేళ్ళకు శక్తి తరిగేసరికి రోజూ సగం గీత దాటుతారు. లిథియం 105లో 47 అంటే సగం కూడా కాదు. పండుగ రోజు, చుట్టాలు ఎక్కువగా వచ్చిన రోజు రెట్టింపు తిరిగినా మిగులుతుంది. నీళ్ళు పోసే తీరిక ఎవరికీ లేదని మీరే అంటున్నారు. మీకు లిథియం 105 నా సలహా. ఇంకా పెద్దది కొననవసరం లేదు.

బీఎంఎస్ నిరంతరం 200 ఆంపియర్లు ఇవ్వాలి, కనీసం పది సెకన్లు 350 తట్టుకోవాలి. ఎత్తు మీద మీకు 180 కావాలి, 100 నిరంతర రకం మీకు పనికిరాదు. దుకాణంవారు చూపించినది ఆ రకమైతే వేరే చోట చూడండి. 350 ఎందుకంటే క్లాంపు చూపించిన 260 మామూలు రోజుది. చక్రం గుంటలో పడ్డప్పుడు, ఎత్తు మధ్యలో ఆగి మళ్ళీ కదిలినప్పుడు కంట్రోలరు చీటీ మీద ఉన్నంతా లాగుతుంది.

మైనస్ గుర్తు గురించి మీరన్నది నిజమే, మోటారు కరెంటును వెనక్కి పంపుతోంది. చార్జింగ్ కిందనే కాబట్టి పొద్దున ముందు ఎత్తు ఎక్కుతారు, బ్యాటరీలో చోటు ఏర్పడుతుంది, తర్వాతే దిగుతారు. చార్జింగ్ స్థలాన్ని పైకి మార్చకండి.

విప్పే పని ఇలా చేయించండి. ముందు పాత కేబుళ్ళ వరుస మొత్తం ఫొటో తీయండి. టో, రన్ అనే స్విచ్ ఉంటే టోలో (బండిని లాక్కెళ్ళేటప్పుడు పెట్టే వైపు) పెట్టాలి. మొదట మెయిన్ నెగటివ్ విప్పాలి. స్పానర్ పిడికి టేపు చుట్టుకోవాలి. బిగించేటప్పుడు ప్లస్, మైనస్ తారుమారైతే కంట్రోలరు అక్కడికక్కడే కాలిపోతుంది, కాబట్టి ఆఖరి కేబుల్ కలిపే ముందు మీటరుతో ఒకసారి చూసుకోమనండి. తొట్టెలో ఒలికిన యాసిడ్‌ను వంట సోడా కలిపిన నీళ్ళతో, నురగ రావడం ఆగేదాకా కడిగి, ఆరబెట్టి, అప్పుడు కొత్తది పెట్టండి. పాత ఆరింటినీ సీసం కరిగించి మళ్ళీ వాడే గుర్తింపున్న చోటికే ఇవ్వండి. యాసిడ్ కాలువలో పోస్తామన్నవారికి ఇవ్వకండి.

కొత్తది వచ్చేదాకా పాత బండి నడపాలి కాబట్టి ఆ తేలిన ప్లేట్ల మీదికి ఇప్పుడే, అవి మునిగేంతవరకే డిస్టిల్డ్ వాటర్ పోయండి. మిగతాది చార్జింగ్ అయ్యాక పోయాలి, ముందే నింపితే చార్జింగ్‌లో పొంగి యాసిడ్ బయటికి వస్తుంది. చార్జింగ్ వేళ అక్కడ గాలి ఆడాలి, నిప్పు ఉండకూడదు. వెలువడే హైడ్రోజన్ గాలిలో 4 శాతానికి చేరితే అంటుకుంటుంది.

ప్రశ్న అడిగినవారు – నాలుగు సీట్లు

చాలా కృతజ్ఞతలు. 200 నిరంతరం, 350 పది సెకన్లు అని రాసిచ్చే చోటు దొరికింది. చార్జరు, లెక్కపెట్టే మీటరు కలిపి తీసుకుంటున్నాం. నిర్వాహకులు ఒప్పుకున్నారు. ఒకే ఒక్క సందేహం మిగిలింది. లైట్లకు వెళ్ళే పాత డబ్బాను లిథియంకు కూడా వాడుకోవచ్చా?

జవాబు – హైడ్రోమీటర్

వాడకండి. అది 16 వోల్టులు తీసుకొని 12 ఇచ్చే డబ్బా, దానికి 52 ఇస్తే కాలిపోతుంది. 48 నుంచి 12కి మార్చే కన్వర్టర్ కొత్తది తీసుకోండి, 60 వోల్టుల దాకా తట్టుకునేది. చార్జింగ్‌లో 58.4 దాకా వెళ్తుంది కాబట్టి ఈ హద్దు ముఖ్యం. దాన్ని బ్యాటరీ రెండు చివరలకే, మొత్తానికి కలపాలి, మధ్యలో మాత్రం ఫ్యూజు ఉండాలి. లైట్లు, హారన్, ఫ్యాను కలిపి ఎన్ని వాట్లో కూడి, దానికి సగం అదనంగా ఉన్న కన్వర్టర్ చూసుకోండి. ఫ్యాను వైరు విడిగా స్విచ్ మీద పెట్టించండి, బండి ఆపినా అది తిరుగుతూ ఉండిపోకుండా.